టౌన్‌సెండ్ వీలెన్

టౌన్‌సెండ్ వీలెన్ (1877 మార్చి 6 - 1961 డిసెంబరు 23) అమెరికా సైన్యంలో కల్నల్ హోదా పొందిన అధికారి, వేటగాడు, రైఫిళ్ళ గురించి విరివిగా వ్రాసిన రచయిత. ఇతని పేరు మీద .35 వీలెన్, .400 వీలెన్ అనే తూటాలు ప్రసిద్ధి చెందాయి. రైఫిల్ అందం, ధర, తయారీదారు పేరు కంటే అది గుండును ప్రతిసారీ ఒకే చోటికి పంపుతుందా లేదా అన్నదే ముఖ్యమని ఇతడు జీవితాంతం బోధించాడు. అందుకే అమెరికా తుపాకీ ప్రియులు ఇతనిని 'మిస్టర్ రైఫిల్‌మన్' అని పిలుచుకున్నారు.

జీవితం

వీలెన్ ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. పదమూడవ యేట తండ్రి ఇచ్చిన .22 రెమింగ్టన్ రైఫిల్‌తో గురి సాధన మొదలుపెట్టాడు. యువకుడిగా పెన్సిల్వేనియా నేషనల్ గార్డులో చేరాడు. 1901లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండలలో గుర్రాల మీద సామాను వేసుకొని నెలల తరబడి వేటాడుతూ తిరిగాడు. 1902లో సైన్యంలో అధికారిగా నియమితుడయ్యాడు. 1915 - 1917 మధ్య పనామాలో ఉద్యోగం చేస్తూ అక్కడి అడవులను గాలించాడు.

1920లలో ఇతడు ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్‌కు అధిపతి అయ్యాడు. ఇది సైన్యానికి తూటాలు తయారు చేసే కర్మాగారం. తరువాత మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పరిశోధన విభాగాన్ని చూసాడు. అక్కడి అధికారులు తీరిక వేళల్లో చేసిన ప్రయోగాల నుండే .22 హార్నెట్ తూటా పుట్టింది. వీలెన్ 1936లో పదవీ విరమణ చేసాడు.

తూటాలను స్వయంగా నింపుకోవడం

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయరాదు. కనుక ఈ పని మన పాఠకులకు అంత పరిచితం కాదు. అమెరికాలో మాత్రం ఇది పాత అలవాటు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి వద్ద గుండు. కాల్చిన తరువాత మిగిలేది ఇత్తడి గొట్టమే. దానిని అచ్చులో నొక్కి తిరిగి పరిమాణానికి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, గుండు కూర్చితే తూటా మళ్ళీ సిద్ధమవుతుంది. ఖర్చు తగ్గడం ఒక లాభం. తన రైఫిల్‌కు ఏ గుండు, ఎంత మందు నప్పుతుందో కాల్చేవాడే పరీక్షించి తెలుసుకోగలగడం అంతకంటే పెద్ద లాభం.

.35 వీలెన్, .400 వీలెన్

1906 నుండి అమెరికా సైన్యం వాడిన .30-06 తూటా చవకగా, విరివిగా దొరికేది. అయితే మూస్, గ్రిజ్లీ ఎలుగుబంటి వంటి పెద్ద జంతువులకు ఇంకా బరువైన గుండు కావాలని కొందరు వేటగాళ్ళు కోరారు. అందుకు పొడవైన విదేశీ మాగ్నమ్ రైఫిల్ కొనాలంటే చాలా ఖర్చు. 1922లో వీలెన్, ఫ్రాంక్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న జేమ్స్ హోవ్ కలిసి, .30-06 గొట్టం మెడను వెడల్పు చేసి .358 అంగుళాల గుండు పట్టేట్టు చేసారు. ఇదే .35 వీలెన్. మామూలు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు బారెల్ మారిస్తే సరిపోయేది. దీని రూపకర్త ఎవరనే విషయంలో వీలెన్ వ్రాతలే ఒకదానితో ఒకటి పొసగవు. 1923లో ఇది తన నమూనా అని, హోవ్ పనిముట్లు చేసాడని వ్రాసిన ఇతడు, తరువాతి రచనలలో ఘనతను హోవ్‌కు ఇచ్చాడు.

.400 వీలెన్ కథ ఇంత సాఫీగా సాగలేదు. సీసా ఆకారపు తూటా చాంబర్‌లో ముందుకు జారకుండా ఆపేది దాని భుజమే. మెడను అంత వెడల్పు చేసేసరికి భుజం చాలా సన్నబడింది. గొట్టాలను సరైన కొలతతో చేయనివారికి ఆ కాస్త భుజమూ మిగలలేదు. భుజం ఆపకపోతే పిన్ను దెబ్బకు తూటా ముందుకు జరుగుతుంది, వెనుక ఖాళీ ఏర్పడుతుంది. పేలుడు ఒత్తిడికి ఇత్తడి సాగి అడుగు భాగం తెగితే వేడి వాయువులు కాల్చేవాని ముఖం వైపు తన్నవచ్చు. ఈ కారణంగా .400కు చెడ్డపేరు వచ్చింది. తప్పు నమూనాదా, గొట్టాలు చేసుకున్నవారిదా అన్న వాదన వీలెన్ మరణానంతరమూ కొనసాగింది. గొట్టాల తయారీదే ఎక్కువ దోషమనే వాదన బలమైనదిగా కనిపిస్తుంది.

చేతులు మారిన రైఫిళ్ళు

1988లో రెమింగ్టన్ సంస్థ అమ్మకానికి తెచ్చేవరకు .35 వీలెన్‌కు కర్మాగార ప్రమాణం లేదు. అంతకు ముందు ఒక్కొక్క తుపాకీ పనివాడు తన పనిముట్టుతో చాంబర్ తొలిచేవాడు. కనుక అలాంటి రైఫిల్‌ను మరొకరి నుండి కొన్నవారు బారెల్ మీది పేరును నమ్మి కాల్చరాదు. తక్కువ వేడికే కరిగే లోహమిశ్రమాన్ని చాంబర్‌లో పోసి, గట్టిపడిన అచ్చును తీసి కొలవాలి. .30-06 గొట్టాల మెడను సాగదీసి తూటాలు చేసుకున్నా, వాటి అడుగున .30-06 అన్న ముద్రే ఉండిపోతుంది. పెట్టె మీద అసలు పేరు వ్రాసి ఉంచకపోతే తరువాతి యజమాని పొరబడతాడు. పాత యజమాని వాడిన మందు కొలతను అలాగే తీసుకోవడమూ ప్రమాదమే. తక్కువతో మొదలుపెట్టి, ప్రైమర్ అణిగిపోతున్నదా, బోల్టు బిగుస్తున్నదా అని చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి.

గురి కూడా కొత్తగా కుదుర్చుకోవలసిందే. గుండు బరువు మారినా, కర్ర తేమకు ఉబ్బినా, మరలు వదులైనా దెబ్బ తగిలే చోటు మారుతుంది. ముందుగా బోల్టు తీసివేసి, ఇసుక సంచుల మీద రైఫిల్‌ను ఆనించి, బారెల్ లోపలి నుండి 25 గజాల దూరంలోని లక్ష్యాన్ని చూస్తూ దుర్బిణిని దానికి సరిచేస్తారు. అక్కడ కాల్చి చూసిన తరువాతే 100 గజాలకు వెళతారు. దుర్బిణిలో ఒక నిమిషపు కోణం 100 గజాల వద్ద సుమారు ఒక అంగుళానికి సమానం, 25 గజాల వద్ద పావు అంగుళమే. ఒక్క గుండును చూసి మరలు తిప్పరు. మూడు నుండి ఐదు గుళ్ళు కాల్చి, బారెల్‌ను చల్లారనిచ్చి, ఆ గుంపు నడిమి బిందువును బట్టి సరిచేస్తారు. గుంపే చెదిరి ఉంటే దుర్బిణి తిప్పి లాభం లేదు, లోపం తూటాలో గాని బిగింపులో గాని వెతకాలి.

రచనలు

ది అమెరికన్ రైఫిల్ (1918), స్మాల్ ఆర్మ్స్ డిజైన్ అండ్ బాలిస్టిక్స్, తూటాలను నింపుకోవడం నేర్పే వై నాట్ లోడ్ యువర్ ఓన్ ఇతని ముఖ్య గ్రంథాలు. అమెరికన్ రైఫిల్‌మన్ మొదలైన పత్రికలలో ఇతని వ్యాసాలు వచ్చాయి. 1958లో బ్రాడ్‌ఫర్డ్ ఆంజియర్‌తో కలిసి అడవి జీవనంపై ఒక పుస్తకం వ్రాసాడు. మూడేళ్ళ తరువాత, 84వ యేట మరణించాడు.