గార్నెరిన్ గాలిగొడుగు

ఆంద్రే జాక్ గార్నెరిన్ 1769వ సంవత్సరము జనవరి 31వ తేదీన పారిసు నగరమునందు జన్మించెను. అతడు పదునాలుగేండ్ల బాలుడై యున్నప్పుడు, అనగా 1783లో, ఫ్రాన్సు దేశమున పెక్కు వింతలు జరిగెను. మంగోల్ఫియే సోదరులు నిర్మించిన వేడిగాలి బెలూను మనుష్యులను మోసికొని పారిసుపై తేలెను. కొలది దినములకే జాక్ చార్లెస్ అను శాస్త్రజ్ఞుడు హైడ్రోజన్ వాయువు నింపిన బెలూనులో ఆకాశమున కెగసెను. పై తరగతులలో మీరు చదువబోవు చార్లెస్ నియమము ఈయన పేరనే వెలసినది. ఆ సంవత్సరము చివర లెనోర్మాన్ అను నతడు మోంపెలియే నగరపు వేధశాల గోపురమునుండి గొడుగువంటి సాధనమును పట్టుకొని క్షేమముగా క్రిందికి దిగెను. ఇల్లు తగులబడినపుడు మేడమీదివారు ప్రాణములు దక్కించుకొనుటకు అది యుపకరించునని అతని తలంపు. పారాచూటు అను పేరును పెట్టినవాడును అతడే.

గార్నెరిన్ చార్లెస్ వద్ద శిష్యరికము చేసెను. అంతలో ఫ్రెంచి విప్లవము వచ్చెను. దాని వెంట యుద్ధము వచ్చెను. 1793లో గార్నెరిన్ ఆంగ్ల సైనికులకు చిక్కగా, వారతనిని ఆస్ట్రియావారి కప్పగించిరి. హంగరీలోని బుడా నగరమున అతడు మూడేండ్లకు చేరువగా బందీయై యుండెను. ఎత్తైన ఆ గోడలను చూచినప్పుడెల్ల వాని మీదినుండి గాలిగొడుగుతో దుమికి పారిపోవుటెట్లాయని అతడు లెక్కలు కట్టుచుండెడివాడు. ఆ ఉపాయము చెరసాలలో ఫలింపలేదు గాని, విడుదల పొందిన పిదపకూడ అతనిని విడువలేదు.

1797వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీ సాయంకాలమున పారిసులోని మోంసో ఉద్యానమున జనులు గుమిగూడిరి. బెలూను క్రింద ముడిచిన గొడుగువలె పారాచూటు వ్రేలాడుచుండెను. విప్పినచో దాని వెడల్పు సుమారు 7 మీటర్లు. దాని క్రింద చిన్న బుట్ట; బుట్టలో గార్నెరిన్. నేడు ఈ విద్య నేర్వబూనువారికి గురువు లుందురు. నేలమీద గంటలకొలది శిక్షణ యుండును. మొదటి పారాచూటు మొరాయించినచో విప్పుకొనుటకు వీపున రెండవ దుండును. గార్నెరిన్‌కు ఈ మూటిలో ఒకటియు లేదు. సుమారు 1,000 మీటర్ల ఎత్తున అతడు బెలూనుకు కట్టిన త్రాటిని కోసివేసెను.

భారము తొలగిన బెలూను పైకి దూసికొనిపోయెను. బుట్ట క్రిందికి జారెను. పారాచూటు విచ్చుకొన్నది గాని, బుట్ట గడియారపు లోలకమువలె భయంకరముగా ఊగసాగెను. కారణము సులభమే. గొడుగులో చిక్కిన గాలికి పైన దారి లేదు. అది ఒక అంచునుండి పొర్లిపోగా గొడుగు వాలును. మరుక్షణమున రెండవ అంచునుండి పొర్లగా అటు వాలును. చూచువారి గుండె లవిసెను. బుట్ట నేలను తాకి ఈడ్చుకొనిపోయినను గార్నెరిన్ గాయపడలేదు. తరువాతి కాలమున గుండ్రని పారాచూట్ల నడినెత్తిన రంధ్రము నుంచుట పరిపాటి అయ్యెను. గాలి దానినుండి నెమ్మదిగా వెడలిపోవును, ఊపు తగ్గును.

మరుసటి యేడు అతడొక యువతితో కలిసి బెలూనులో ఎగిరెదనని ప్రకటించెను. ఎత్తున గాలి పలుచబడుటచే స్త్రీ శరీరమునకు హాని కలుగునని పోలీసు అధికారులు అడ్డుతగిలిరి. అట్లనుటకు వారికి గల శాస్త్రాధారమేమో! చివరకు అనుమతి దొరకెను, ఆ యువతి క్షేమముగా దిగెను. 1799 అక్టోబరు 12వ తేదీన గార్నెరిన్ శిష్యురాలు జాన్ జెనెవీవ్ లాబ్రోస్ సుమారు 900 మీటర్ల ఎత్తునుండి పారాచూటుతో దిగి, ఆ సాహసము చేసిన మొదటి స్త్రీ అయ్యెను. ఆమెయే తరువాత అతని భార్య.

ఇంగ్లండునకు, ఫ్రాన్సునకు సంధి కుదిరిన 1802లో గార్నెరిన్ లండను వెళ్ళెను. సెప్టెంబరు 21వ తేదీన సుమారు 8,000 అడుగుల ఎత్తునుండి దిగెను. ఈ పర్యాయము ఊపు మరింత తీవ్రమై అతనిని మిక్కిలి బాధించెను. ఆ దృశ్యమును చూచినవారిలో రాబర్ట్ కాకింగ్ అను చిత్రకారు డొకడు. గొడుగును తలక్రిందులు చేసి గరాటువలె కట్టినచో ఊగదని అతడు తలపోసెను. ఆ యూహ కొంతవరకు సరియైనదే. కాని 1837లో, తన 61వ యేట, అతడు కట్టించుకొన్న సాధనము దాదాపు 250 పౌనుల బరువుండెను. అది ఆకాశముననే విరిగిపోయెను, కాకింగ్ మరణించెను.

ఇన్నిమారులు ఆకాశమునుండి దిగివచ్చిన గార్నెరిన్ మృత్యువు నేలమీదనే సంభవించెను. 1823 ఆగస్టు 18వ తేదీన పారిసులో బెలూనును సిద్ధపరచుచుండగా ఒక దూలము వచ్చి తగిలి అతడు మరణించెను. అప్పటికి అతని అన్నకుమార్తె ఎలీజా పారాచూటుతో దుముకుట మొదలిడి ఎనిమిదేండ్లయ్యెను. పినతండ్రి పోయిన పిదపకూడ ఆమె పది సంవత్సరములకు పైగా దుముకుచునే యుండెను.