ముష్టివీరుడు డాన్ డానెలీ

1801 జనవరి 1వ తేదీన ఐర్లండు తన పార్లమెంటును గోల్పోయి బ్రిటనుతో నేకము చేయబడెను. అప్పటికి డబ్లిన్ నగరమున, ఒక వడ్రంగి యింట 1788లో జన్మించిన డాన్ డానెలీ పండ్రెండేండ్ల బాలుడు. తండ్రివలెనే యతడును ఉలియు బాడిసయు చేతబట్టి జీవించెను. స్వపరిపాలన గోల్పోయిన యాజాతి గౌరవము కొంతకాలము ఈ వడ్రంగి చేతులయందు నిలిచెననుట వింతయైనను సత్యము.

ఆనాటి ముష్టియుద్ధమున చేతులకు తొడుగులు లేవు. ఒకడు నేలగూలినచో నొక విడత ముగియును. అరనిమిషములో లేచి నిలువలేనివాడు ఓడినవాడు. విడతలకు మితి లేదు. ఈ విద్యకు ఇంగ్లండే పుట్టినిల్లు. పేరుమోసిన యోధులును, ధనికులగు పోషకులును అచ్చటనే యుండిరి. అట్టివారిపై నొక పనివాడు గెలుచునని తలంచుటయే సాహసము.

1814 సెప్టెంబరులో కిల్డేర్ మండలమందలి కర్రా మైదానమున డానెలీ ఇంగ్లీషు యోధుడు టామ్ హాల్‌తో తలపడెను. పడియున్నవానిని కొట్టుట అధర్మమని వాదించి హాల్ పోరు మానెను. జయము లభించినను దానికి వివాదమంటెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 13వ తేదీన, అదే పల్లమున, జార్జి కూపర్‌తో జరిగిన యుద్ధము ఆ మచ్చను తుడిచివేసెను. చుట్టునున్న గట్లపై సుమారు 20,000 మంది గుమిగూడిరని ప్రతీతి. 11వ విడతలో కూపర్ కూలెను. డానెలీ గట్టెక్కి పోవుచుండగా అభిమానులు అతని యడుగుజాడలను నేలలో త్రవ్వి నిలిపిరి. ఆ స్థలమునకు అతని పేరే స్థిరపడెను. 1819 జూలై 21వ తేదీన అతడు ఇంగ్లండులోనే టామ్ ఆలివర్‌ను 34 విడతలలో నోడించెను.

అయినను మల్లుర నోడించినవాడు మద్యము నోడింపజాలకపోయెను. డబ్లిన్‌లో ఒకదానివెంట నొకటిగా పానశాలలు నడిపెను. చేతికందిన ధనము నిలువలేదు. 1820 ఫిబ్రవరి 18వ తేదీన, ముప్పదిరెండేండ్లైనను నిండకయే, మరణించెను. శవచోరులు సమాధిని త్రవ్వి దేహమును వైద్యునకు విక్రయించిరి. దేహము మరల పూడ్చబడెను గాని కుడిచేయి మాత్రము తిరిగి రాలేదు. అది సర్కసులలో ప్రదర్శింపబడి, 20వ శతాబ్దమున చిరకాలము కిల్‌కల్లెన్ గ్రామపు పానశాలలో అద్దపుపెట్టెయందు వేడుకవస్తువై యుండెను.

ఈ చరిత్రమున మాకు దోచునది యిది: జాతి తన వీరుని చేతిని దాచుకొన్నది గాని, ఆ చేయిగల మనుష్యుని కాచుకొనలేదు. జయఘోషము చేసిన వేలమందిలో నతని పతనకాలమున చేయూత నిచ్చి నిలిపినవారు లేకపోయిరి. కర్రా మైదానమున ఆ యడుగుజాడలు నేటికిని గలవు. చూడవచ్చినవారు వానిలో తమ పాదములు మోపుచుందురు. అందువలననే యవి పూడిపోలేదు. అద్దములోని యెండిన చేతికంటె ఆ మట్టిజాడలే యతనికి తగిన స్మారకమని మా యభిప్రాయము.