రోబో అంటే వెట్టివాడు

రోబో అనగానే మనవాళ్లకు 2010లో వచ్చిన రజనీకాంత్ సినిమా గుర్తొస్తుంది. కానీ ఆ మాటకు వందేళ్లు దాటాయి. దాన్ని లోకానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్. చెమటోడ్చి బతికే మనం తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

చాపెక్ 1890 జనవరి 9న బొహీమియాలో ఓ పల్లెటూళ్లో పుట్టారు. తండ్రి డాక్టరు. వెన్నెముక జబ్బు వల్ల మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన్ని సైన్యంలోకి తీసుకోలేదు. ప్రాగ్‌లో పత్రికల్లో పనిచేస్తూ కథలు, నాటకాలు రాశారు.

1920లో ఆర్.యు.ఆర్. అనే నాటకం అచ్చయింది. ఒక దీవిలో రోసమ్ పేరుతో ఫ్యాక్టరీ. అక్కడ మనుషుల్లాంటి పనివాళ్లను తయారుచేసి దేశదేశాలకు అమ్ముతారు. వాళ్లకు జీతం లేదు, సెలవు లేదు. వాళ్లను ఏమని పిలవాలా అని చాపెక్ ఆలోచిస్తుంటే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ రోబోట్ అనమన్నారు. చెక్ భాషలో రోబోటా అంటే దొర పొలంలో రైతు చేసే వెట్టి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు వెట్టి అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు.

చివరికి రోబోలు తిరగబడి మనుషుల్ని చంపేస్తారు. ఒక్కణ్నే వదిలేస్తారు. అతను ఆల్క్విస్ట్, కట్టడం పనులు చూసేవాడు. తమలాగే చేతులతో పనిచేస్తాడని వదిలేస్తారు. సైటు మీద బతికే మేం ఈ ముక్క దగ్గర కాసేపు ఆగిపోయాం.

1938 ఫిబ్రవరి 11న లండన్‌లో బీబీసీ ఈ నాటకంలోంచి 35 నిమిషాల భాగాన్ని టీవీలో చూపించింది. టీవీలో వచ్చిన మొదటి సైన్స్ ఫిక్షన్ ఇదేనంటారు. ఆ తర్వాత కూడా సీరియళ్లు చాపెక్‌ను వదల్లేదు. 1969లో స్టార్ ట్రెక్‌లో ఒక మరమనిషి పాత్రకు, చాపెక్ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలే తారుమారు చేసి కాపెక్ అని ఇంటిపేరు పెట్టారు. 2009లో మొదలైన డాల్‌హౌస్‌లో, మనుషుల జ్ఞాపకాలు చెరిపేసి అద్దెకిచ్చే వ్యాపారం వెనకున్న కంపెనీ పేరు కూడా రోసమే.

హిట్లర్‌కు వ్యతిరేకంగా రాసినా చాపెక్ దేశం విడిచి పోలేదు. 1938 డిసెంబర్ 25న న్యుమోనియాతో 48 ఏళ్లకే కన్నుమూశారు. 1939 మార్చిలో ప్రాగ్‌ను ఆక్రమించాక, నాజీ పోలీసులు ఆయన్ని పట్టుకోవడానికి ఇంటికొచ్చారు. అప్పటికే ఆయన లేరు. జోసెఫ్‌ను మాత్రం అదే ఏడాది పట్టుకెళ్లారు. ఆయన 1945లో బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు వదిలారు.

ఇప్పుడు రోబో అంటే ఇనుప యంత్రమే అనుకుంటున్నారు. చాపెక్ భయం యంత్రాల గురించి ఒక్కటే కాదు, మనిషిని రెండు చేతులుగా మాత్రమే లెక్కగట్టే బుద్ధి గురించి కూడా. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలకు ఆ మాట అసలు అర్థం చెబుదాం.