రెండే సామగ్రితో చరిత్రకెక్కిన నదీ కాపరి ఫ్రాంక్ సాయర్

కోటా (బిలాస్‌పూర్): గాలపు కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగును పోలిన ఎరను తయారుచేయడం పాశ్చాత్య దేశాలలో శతాబ్దాలుగా కొనసాగుతున్న చేతిపని. ఈ ఎరను ‘ఫ్లై’ అంటారు. ఈ విద్యను కొత్తగా అభ్యసించేవారు రంగురంగుల ఈకలతో కూడిన క్లిష్టమైన నమూనాల వైపే తొలుత ఆకర్షితులవుతారు. అనుభవజ్ఞులు మాత్రం వారి చేతికి ఒక ఫెజెంట్ పక్షి తోక ఈకను, కొంత రాగి తీగను అందిస్తారు. ఆ రెండింటితోనే పూర్తయ్యే ‘ఫెజెంట్ టెయిల్ నింఫ్’ నమూనాను రూపొందించినవారు ఇంగ్లండ్‌కు చెందిన నదీ కాపరి ఫ్రాంక్ సాయర్.

సాయర్ 1906లో విల్ట్‌షైర్ ప్రాంతంలో, ఎవాన్ నదీతీరాన ఉన్న బుల్ఫర్డ్ గ్రామంలో జన్మించారు. బాల్యమంతా నీటి ఒడ్డునే గడిచింది. 1928లో నెదరేవన్ గ్రామం వద్ద సైనికాధికారుల మత్స్య సంఘం అధీనంలోని సుమారు 6 మైళ్ల నదీభాగానికి కాపరిగా నియమితులయ్యారు. నీటి కలుపును కోయడం, పేరుకున్న బురదను తొలగించడం, ట్రౌట్ చేపపిల్లలను పెంచి నదిలో విడవడం, దొంగవేటను అరికట్టడం ఆయన విధులు. జీతానికి చేరిన ఆ కొలువులోనే అర్ధశతాబ్దానికి పైగా కొనసాగారు.

ఆ కాలంలో దక్షిణ ఇంగ్లండ్ సుద్దనేల నదులలో వేటకు కఠినమైన కట్టుబాట్లు ఉండేవి. ఎర నీటిపై తేలుతూ ఉండాలన్న ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ సిద్ధాంతం 1914లో ఆయన మరణానంతరమూ శాసనంలా చెలామణి అయింది. ట్రౌట్ తన ఆహారంలో అధికభాగాన్ని నీటి లోపలే తీసుకుంటుందని, అక్కడ పెరిగే పిల్లపురుగులను, అంటే నింఫ్‌లను, అనుకరించడం తప్పుకాదని న్యాయవాది జి.ఇ.ఎం. స్క్యూస్ వాదించారు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్ ఈ అంశంపై ప్రత్యేకంగా చర్చను నిర్వహించిందంటే వివాద తీవ్రత అర్థమవుతుంది.

సాయర్ ఈ వివాదంలోకి గ్రంథాల ద్వారా కాక నీటి ద్వారా ప్రవేశించారు. మోకాలిలోతు నీటిలో నిత్యం పనిచేసే ఆయనకు నింఫ్‌ల కదలికలు దగ్గరగా కనిపించేవి. ఈదే సమయంలో అవి కాళ్లను శరీరానికి అదిమి ఉంచుకుంటాయని ఆయన గమనించారు. కాళ్లు కనిపించనప్పుడు వాటి కోసం కోడిపుంజు మెడ ఈకలను చుట్టవలసిన అవసరం లేదు. రెక్కలు ఇంకా విప్పుకోలేదు కనుక రెక్కలూ అక్కరలేదు. మిగిలేవి సన్నని తోక, క్రమంగా లావెక్కే దేహం, వీపుపై ఒక ఉబ్బు. నీటిలో త్వరగా మునగడానికి కొంత బరువు ఉంటే చాలు. ఆ విధంగా ఒక్కొక్క భాగాన్నీ తొలగిస్తూ ఆయన తన నమూనాకు చేరుకున్నారు.

దాని తయారీ క్రమం సులభం. ముందుగా కొక్కెంపై సన్నని రాగి తీగను చుట్టి, ముందుభాగంలో చిన్న ఉబ్బును ఏర్పరచాలి. ఫెజెంట్ తోక ఈక నుంచి తీసిన నాలుగు పీచుల కొనలను తోకగా వెనుక నిలిపి, మిగిలిన పొడవును తీగతో కలిపి మెలివేసి దేహమంతా చుట్టాలి. చివరగా పీచులను ఉబ్బుపై ముందుకూ వెనక్కూ మడిచి తీగతో బిగించాలి. ఇందులో దారం ఉండదు. కట్టుకు, బరువుకు, మెరుపుకు తీగ ఒక్కటే ఆధారం. పెళుసైన ఈక పీచులు చేప పళ్లకు తెగకుండా కాపాడేదీ అదే.

అభ్యాసకులకు ఈ నమూనా ఉపకరించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. విక్టోరియా కాలపు సాల్మన్ ఫ్లైలలో అనేక పక్షుల ఈకలు, పట్టు, జరీ పొరలు పొరలుగా చేరేవి. అటువంటి దానితో విద్య ప్రారంభిస్తే ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. రెండే సామగ్రి ఉన్నప్పుడు తీగ బిగువు తగ్గినా, తోక పొడవు పెరిగినా, ఉబ్బు స్థానం తప్పినా వెంటనే కంటికి కనిపిస్తుంది. ఒకే నమూనాను పలుమార్లు చుట్టినప్పుడు కొలతలు వేళ్లకు అలవడతాయి. అయితే సులభమైన నమూనా అంటే నాసిరకం ఎర కాదు. సాయర్ నింఫ్ చేపలను ఆకర్షించడంలో క్లిష్టమైన నమూనాలకు ఏమాత్రం తీసిపోలేదు.

సాయర్ రచయితగా మారడానికి భారతదేశంతో సంబంధమున్న ఒక వ్యక్తి ప్రోత్సాహం తోడ్పడింది. 1919 నుంచి 1932 వరకు అలహాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ ఆయనకు మిత్రులయ్యారు. స్క్యూస్‌తో పరిచయమూ ఆయన ద్వారానే కలిగింది. 1952లో ‘కీపర్ ఆఫ్ ది స్ట్రీమ్’, 1958లో ‘నింఫ్స్ అండ్ ది ట్రౌట్’ గ్రంథాలు వెలువడ్డాయి. హోటళ్ల అధిపతి చార్లెస్ రిట్జ్ మైత్రితో సాయర్ పద్ధతి ఐరోపా ఖండానికి విస్తరించింది. నెదరేవన్‌లోనే నివసించిన మేజర్ ఆలివర్ కైట్ మరో అడుగు ముందుకు వేసి, ఈక లేకుండా కేవలం రాగి తీగ చుట్టిన కొక్కెంతోనే ట్రౌట్‌ను పట్టి చూపారు.

ఎర కంటే నది ఆరోగ్యమే సాయర్‌కు ముఖ్యం. బురద పేరుకుంటే పురుగులు నశిస్తాయి, పురుగులు లేకపోతే చేపలు ఉండవు. అందుకే నదీగర్భాన్ని శుభ్రపరచడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. సుద్దపొడి చల్లి బురదను తగ్గించే ప్రయోగాలూ చేశారు. ఆయన సేవలకు బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. పురస్కారం అందించింది. 1980 ఏప్రిల్‌లో, తాను జీవితమంతా కాపాడిన ఎవాన్ ఒడ్డునే, నెదరేవన్ చర్చి సమీపంలో ఆయన కన్నుమూశారు.

ట్రౌట్ చల్లని నీటి చేప. కోటా ప్రాంతం నుంచి బిలాస్‌పూర్ వైపు సాగే అర్పాలో గానీ, గోదావరి, కృష్ణా మైదానాలలో గానీ అది కనిపించదు. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ నదులు, నీలగిరి వాగులు దానికి నెలవులు. సాయర్ నమూనా అమెరికా చేరాక దారం, కాళ్లు, నెమలి ఈక పీచుతో చుట్టిన ఉబ్బు వచ్చి చేరాయి. ఎన్ని మార్పులు జరిగినా ఫెజెంట్ టెయిల్ నేటికీ ప్రపంచవ్యాప్తంగా అభ్యాసకుల తొలి పాఠాలలో ఒకటిగా నిలిచి ఉంది.