గెలిస్తే దర్జా.. ఓడితే పొగరు!
నాగపూర్ తెలుగుబిడ్డ సీకే నాయుడు కథలో అభిమానులకూ ఓ పాఠం ఉంది

భారత టెస్టు జట్టుకు తొలి కెప్టెన్ ఎవరంటే క్విజ్ పోటీల్లో పిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు.. సీకే నాయుడు అని. నాగపూర్‌లో పుట్టిన తెలుగాయన అని కూడా కలుపుతారు. ఆ కెప్టెన్సీ ఆయన చేతికి ఎలా వచ్చింది, నాలుగేళ్లకే ఎలా జారిపోయింది అన్నది చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆయనది తక్కువ మాట, నిటారు నడక, ఎవరితోనూ ఇట్టే కలవని స్వభావం. కుర్రాడిగా ఉన్నప్పుడూ అంతే, డెబ్బై ఏళ్లకూ అంతే. మనిషి మారలేదు. కానీ ఆ ఒక్క స్వభావానికే జనం, పత్రికలు, క్రికెట్ పెద్దలు రోజుకో పేరు పెట్టారు. పరుగులు వచ్చిన రోజు దర్జా అన్నారు. రాని రోజు పొగరు అన్నారు.

మచిలీపట్నం నుంచి నాగపూర్‌కు

కొట్టారి వారిది మచిలీపట్నం వైపు నుంచి వెళ్లి నాగపూర్‌లో స్థిరపడిన కుటుంబం. తాత నారాయణస్వామి నాయుడు అక్కడ పేరున్న వకీలు. తండ్రి సూర్యప్రకాశరావు కూడా న్యాయవాదే, ఇంగ్లండ్‌లో చదివి వచ్చారు. ఆ ఇంట 1895 అక్టోబర్ 31న కనకయ్య నాయుడు పుట్టారు. తమ్ముడు సుబ్బన్న నాయుడు, అదే సీఎస్ నాయుడు, తర్వాత తానూ టెస్టు ఆటగాడయ్యారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, కోర్టులో ఇంగ్లిష్. నాగపూర్, చంద్రపూర్ వైపు స్థిరపడిన మనోళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

1916లో బొంబాయి క్వాడ్రాంగులర్ టోర్నీలో హిందూ జట్టు తరఫున ఆయన ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. ఎదురుగా యూరోపియన్ల జట్టు. తొలి పరుగులే సిక్సర్‌తో మొదలుపెట్టారు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజా ఆయన్ను తన సంస్థానానికి పిలిపించుకొని, సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత కల్నల్ అయ్యారు. ఇక అప్పట్నుంచి చివరిదాకా ఇండోరే ఆయన ఊరు.

11 సిక్సర్ల రోజు

1926 డిసెంబర్ 1. బొంబాయి జింఖానా మైదానం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎంసీసీ జట్టుతో హిందువుల మ్యాచ్. ముందురోజు వాళ్ల గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 కొట్టి మన బౌలర్లను చితక్కొట్టారు. మర్నాడు నాయుడు క్రీజులోకి వచ్చారు. 116 నిమిషాల్లో 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. కబురు తెలిసి ఆఫీసుల్లోంచి జనం పరుగున వచ్చారని, చుట్టుపక్కల మేడలు, చెట్లు కిక్కిరిశాయని నేటికీ చెప్పుకొంటారు. ఎంసీసీ వాళ్లు మెచ్చి వెండి బ్యాటు బహూకరించారు.

ఆ రోజు నుంచి ఆయన ప్రతి అలవాటూ జనానికి ముద్దొచ్చింది. సిక్సర్ కొట్టినా ముఖంలో నవ్వు లేకపోవడం గాంభీర్యం. తెల్లదొరల ముందు తల వంచకపోవడం ఆత్మగౌరవం. తక్కువ మాట్లాడటం పెద్దమనిషి తరహా. స్వాతంత్ర్య పోరాటం సాగుతున్న రోజులు కదా, పాలించే జాతి బౌలర్లను మైదానం బయటికి కొట్టేవాడు దొరికితే జనం ఊరుకుంటారా.. నెత్తిన పెట్టుకొన్నారు.

రాజులు తప్పుకొన్న టెస్టు

1932లో భారత్ తొలి టెస్టు ఆడేందుకు ఇంగ్లండ్ బయల్దేరింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డీ యువరాజు. జట్టును నడపడానికి రాజవంశం కావాలన్నది అప్పటి రూలు లాంటిది. కాకపోతే పోర్‌బందర్ మహారాజాకు తన ఆట సంగతి తనకు తెలుసు. లార్డ్స్ టెస్టుకు తాను తప్పుకొని దారి ఇచ్చారు. వైస్ కెప్టెన్ కూడా ఆడలేదు. దాంతో జూన్ 25న 36 ఏళ్ల నాయుడు భారత్‌కు తొలి టెస్టు కెప్టెన్‌గా మైదానంలోకి దిగారు.

ఈ కథలో ఇంకో ముక్క ఉంది. నాయుడి కింద ఆడబోమని జట్టులోనే కొందరు ఎదురుతిరిగారని, స్వదేశం నుంచి పటియాలా మహారాజా గట్టిగా కబురు పంపాకే సర్దుకొన్నారని క్రికెట్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. కారణం రెండు రకాలు. ఆయన కాఠిన్యం ఒకటి. మనలాంటి మామూలు మనిషే కదా, ఈయన మాట మేమెందుకు వినాలి అన్న భావం రెండోది. అదే కాఠిన్యం ఓ రాజుగారు చూపిస్తే రాజసం అనుకొనేవారేమో!

ఆ టెస్టులో భారత్ 158 పరుగులతో ఓడింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు తొలి ఇన్నింగ్స్‌లో 40 చేశారు. జట్టులో అదే టాప్ స్కోరు. ఆ టూర్ ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో మొత్తం 1,618 పరుగులు, 32 సిక్సర్లు. 1933లో విజ్డెన్ ఆయన్ను ఆ ఏటి అయిదుగురు మేటి క్రికెటర్లలో చేర్చింది. 1933-34లో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే కెప్టెన్. రెండు ఓడి, ఒకటి డ్రా. అక్కణ్నుంచి గుసగుసలు మొదలయ్యాయి. నిన్నటిదాకా గాంభీర్యం అన్నది కాస్తా, ఎవర్నీ దగ్గరికి రానివ్వడన్న ఫిర్యాదు అయింది.

1936.. అటూ ఇటూ మనోళ్లే

1936 ఇంగ్లండ్ టూర్‌కు కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడికి దక్కింది. పూసపాటి విజయానంద గజపతి రాజు.. క్రికెట్ లోకానికి విజ్జీ. ఆయనా తెలుగువారే. క్రికెట్ మీద ప్రేమ నిజమే. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి మహామహులను సొంత ఖర్చుతో రప్పించి దేశమంతా మ్యాచ్‌లు ఆడించారు. ఆ జట్టులో నాయుడూ ఆడారు. కానీ కెప్టెన్సీకి ప్రేమ ఒక్కటే చాలదు. 1936లో విజ్జీ మూడు టెస్టులు ఆడి చేసింది 33 పరుగులు. నాయుడు ఆయన కింద ఆటగాడిగా వెళ్లాల్సి వచ్చింది.

టూర్ మధ్యలో లాలా అమర్‌నాథ్ వ్యవహారం పేలింది. అప్పటికి బ్యాటుతోనూ బంతితోనూ రాణిస్తున్న కుర్రాడు. ఓ మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకొని కూర్చున్నవాడిని పక్కనబెట్టి, కెప్టెన్ వేరేవాళ్లను ముందు పంపించారు. ఆట ముగిశాక అమర్‌నాథ్ ప్యాడ్లు విసిరేసి పంజాబీలో ఏదో గొణిగారు. అంతే! క్రమశిక్షణ తప్పాడంటూ తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

మరి అదే జట్టులో బాకా జిలానీ సంగతి? అందరూ టిఫిన్ చేస్తున్న చోట సీకే నాయుడిని ఆయన అవమానించారని, దానికి బహుమతిగానే ఓవల్‌లో టెస్టు క్యాప్ దక్కిందని తోటి ఆటగాడు కోట రామస్వామి తర్వాత రాసుకొన్నారు. రామస్వామి కూడా మద్రాసు తెలుగువారే. అది జిలానీకి ఏకైక టెస్టు. మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని ముస్తాక్ అలీకి కెప్టెన్ ఆశపెట్టారన్న కథ కూడా అక్కడిదే.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు చూడండి.. అచ్చం అదే. కెప్టెన్ మీద గొణిగితే నేరం, కెప్టెన్‌కు గిట్టనివాడిని తిడితే అర్హత. విచిత్రం ఏమిటంటే, విజ్జీ చేష్టలను తర్వాతి కాలంలో సరదా కథల్లా చెప్పుకొని నవ్వుకొన్నారు. అమర్‌నాథ్‌కు మాత్రం మళ్లీ టెస్టు ఆడటానికి పదేళ్లు పట్టింది. మధ్యలో యుద్ధం కూడా వచ్చిపడింది లెండి. నవ్వుకోవడానికి ఒకరి కథ, ఏళ్లు పోగొట్టుకోవడానికి ఇంకొకరి జీవితం.

నాయుడు ఆ సిరీస్‌లో చివరి ఇన్నింగ్స్ ఓవల్‌లో ఆడారు. గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా బెదరక 81 పరుగులు చేశారు. అప్పటికి నలభై ఏళ్లు. 7 టెస్టుల్లో ఆయనకు అదే అత్యధిక స్కోరు, అదే ఆఖరి ఇన్నింగ్స్ కూడా.

కమిటీ వదల్లేదు

గొడవ మీద దేశమంతా గగ్గోలు పుట్టాక బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. 1937లో నివేదిక వచ్చింది. విజ్జీ కెప్టెన్సీ జట్టును ముంచిందని తేల్చింది. ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం తెలియదంది. మనం ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొడతాం. అదే నివేదిక నాయుడినీ తప్పుపట్టింది. జట్టుకు దూరంగా మసలుకొన్నారని, కెప్టెన్‌కు అందాల్సిన సహకారం అందించలేదని చెప్పింది. సీకే మీద అభిమానంతో చెప్పుకొనే కథల్లో ఈ మాట చాలాసార్లు కనిపించదు.

ఎందుకు కనిపించకూడదు? అవమానం ఆయనకు జరిగింది, నిజమే. అయినా ఓ సీనియర్‌గా కుర్రాళ్లకు, కెప్టెన్‌కు మధ్య నిలబడాల్సిన సమయంలో మౌనంగా పక్కకు జరిగారన్న విమర్శ చిన్నది కాదు. 1926లో మనం మెచ్చుకొన్న మౌనమే అది. సిక్సర్ల రోజున ముద్దొచ్చిన గుణం, జట్టు చీలిన రోజున లోపమైంది. రెండూ ఒకే మనిషివి. ఒకటి తీసుకొని రెండోది వద్దంటే అది అభిమానం అవుతుంది గానీ జీవిత చరిత్ర కాదు.

కుర్చీలో నాయుడు

తర్వాత కాలం తిరిగింది. 1952 ఇంగ్లండ్ టూర్ నాటికి సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు ఆయనే. వినూ మన్కడ్ అప్పుడు లాంకషైర్ లీగ్‌లో హాస్లింగ్‌డెన్ క్లబ్బుకు ఆడుతున్నారు. జట్టులో చోటు ఖాయమని మాట ఇస్తే కాంట్రాక్టు వదులుకొంటానన్నారు. మాట ఇచ్చేది లేదన్నారు సెలెక్టర్లు. దేశం కన్నా డబ్బు ఎక్కువా అని మన్కడ్‌ను నిలదీయడం తేలిక. కానీ ఆట మీదే బతికే మనిషికి పొయ్యి మీద కుండ సంగతి కూడా చూసుకోవాలి కదా. నాయుడికి హోల్కర్ కొలువు ఉంది, మన్కడ్‌కు ఏ రాజు నీడా లేదు.

లీడ్స్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో భారత్ పరుగు తీయకుండానే 4 వికెట్లు పోగొట్టుకొంది. అప్పుడు మన్కడ్ గుర్తొచ్చారు. బతిమాలి తెచ్చుకొంటే లార్డ్స్‌లో 72, 184 చేసి, 5 వికెట్లూ తీశారు. టెస్టు ఓడినా ఆ మ్యాచ్ మన్కడ్ పేరు మీదే నిలిచిపోయింది. ఒకప్పుడు పెద్దల పట్టుదలకు బలైన నాయుడే కుర్చీలో కూర్చున్నాక, ఇంకో ఆటగాడి గోడు వినలేకపోయారు. ఇదీ ఆయన కథే.

పళ్లు రాలినా..

ఇంతా చెప్పాక ఆయన గొప్పతనం తగ్గుతుందా? తగ్గదు. పదమూడేళ్ల ముస్తాక్ అలీలో ఆటను కనిపెట్టింది ఆయనే. 1945-46 రంజీ సీజన్‌లో బరోడా మీద 200 కొట్టినప్పుడు వయసు యాభై. ఆ ఏడు హోల్కర్ జట్టుదే రంజీ ట్రోఫీ. 1951-52 ఫైనల్లో బొంబాయి బౌలర్ దత్తు ఫడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్లు ఊడాయి. 56 ఏళ్ల నాయుడు వాటిని పక్కకు తోసేసి, వేగం తగ్గించొద్దని బౌలర్‌కు చెప్పి మరీ ఆడారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ 1953-54 సీజన్‌లో 58 ఏళ్ల వయసులో పూర్వీకుల గడ్డ తరఫునా ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకొన్నారు, క్రికెటర్లలో ఆ గౌరవం తొలిసారి ఆయనకే. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున 84 పరుగులు చేసినప్పుడు అరవై దాటాయి. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. కూతురు చంద్రా నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరుగా పేరు తెచ్చుకొన్నారు. తండ్రి మీద పుస్తకం కూడా రాశారు.

ఇప్పటికీ సీకే మావాడంటే మావాడని నాగపూర్, ఇండోర్, ఆంధ్ర మూడూ అంటాయి. విజ్జీ పేరుతో విజయనగరంలో స్టేడియం ఉంది. ఇద్దరూ మనోళ్లే. ఒకరిని దేవుణ్ని చేసి, ఇంకొకరిని నవ్వులపాలు చేయడం సులువు. ఇద్దర్నీ ఒకే తక్కెడలో తూచడమే కష్టం. నేడు ఐపీఎల్‌లోనూ అంతే. మన జట్టువాడు అరిస్తే కసి, ఎదుటి జట్టువాడు అరిస్తే కండకావరం. వచ్చే ఏడు వేలంలో వాడే మన జట్టుకొస్తే మళ్లీ కసి.

1994లో క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారం మొదలుపెట్టింది. దానికి కల్నల్ సీకే నాయుడి పేరు పెట్టింది. దాన్ని తొలిసారి అందుకొన్నది ఎవరో తెలుసా? 1936లో క్రమశిక్షణ లేదంటూ ఓడ ఎక్కించి పంపేసిన ఆ లాలా అమర్‌నాథే!