దిక్సూచి వెంట హేలీ

పిల్లలూ, మన ఢిల్లీ విమానాశ్రయంలో ఒక రన్‌వేకి ఒక కొసన 10 అనీ, రెండో కొసన 28 అనీ పెద్ద అంకెలు ఉంటాయి. అవి వరుస సంఖ్యలు కావు, దిక్కులు. దిక్సూచి ప్రకారం విమానం దిగే దిశ సుమారు 100 డిగ్రీలైతే చివరి సున్నా తీసేసి 10 అంటారు. ఎదురు వైపు నుంచి వస్తే 280, అంటే 28. చిక్కల్లా ఏమిటంటే, దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం అసలు ఉత్తరం కాదు. ఆ తేడాను దిక్పాతం అంటారు. భూమి లోపల కరిగి ఉన్న ఇనుము కదులుతూ ఉండటం వల్ల ఈ దిక్పాతం మారుతూ ఉంటుంది. అందుకే లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 2009లో 05, 23 అంకెలను చెరిపి 04, 22 అని రాశారు. రన్‌వే అంగుళం కూడా కదలలేదు. క్వార్టర్ అదే, గుమ్మం మీద పేరు మాత్రం మారింది. ఈ సంగతి మీకు నేను చెప్పాలా!

ఈ తేడాను సముద్రాల మీద తిరిగి కొలిచినవాడు ఎడ్మండ్ హేలీ. తోకచుక్క హేలీయే. 1656లో లండన్ దగ్గర పుట్టాడు. తండ్రి సబ్బుల వ్యాపారి. బడిలో చదువుతుండగానే లండన్‌లో దిక్పాతం కొలిచాడు. ఇరవయ్యో ఏట ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలి, సెయింట్ హెలీనా ద్వీపానికి వెళ్లి, దక్షిణాకాశంలోని 341 నక్షత్రాల స్థానాలు గుర్తించాడు. న్యూటన్ 'ప్రిన్సిపియా' 1687లో అచ్చయింది కూడా ఇతని సొంత డబ్బుతోనే. రాయల్ సొసైటీ అప్పటికే చేపల మీద ఒక పుస్తకం వేసి చేతులు కాల్చుకుంది. ఆ తర్వాత హేలీకి ఇవ్వాల్సిన జీతం బదులు అమ్ముడుపోని ఆ చేపల పుస్తకాలే ఇచ్చింది!

1698లో ప్రభుత్వం అతనికి 'పారమోర్' అనే చిన్న ఓడ ఇచ్చింది. పొడవు 52 అడుగులే. నౌకాదళం మనిషి కాని హేలీ దానికి కెప్టెన్. కింది అధికారి హారిసన్‌కు అది మింగుడుపడలేదు. అతని ఎదిరింపు భరించలేక హేలీ 1699లో వెనక్కి రావలసి వచ్చింది. అదే ఏడాది మళ్లీ బయలుదేరాడు. దారిలో ఓడలో పనిచేసే ఒక కుర్రవాడు సముద్రంలో పడి చనిపోయాడు. 1700 ఫిబ్రవరిలో ఓడ దాదాపు 52 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లింది. అక్కడ కనిపించినవి మొదట దీవులనుకున్నారు. తీరా చూస్తే మంచుకొండలు. పొగమంచులో వాటికి గుద్దుకోబోయి తృటిలో బయటపడ్డారు. అంత ప్రమాదంలోనూ హేలీ కొలతలు మానలేదు.

1701లో అట్లాంటిక్ పటం వేశాడు. దిక్పాతం సమానంగా ఉన్న చోట్లన్నిటినీ గీతలతో కలిపాడు. వాతావరణ పటాల్లో ఒకే ఉష్ణోగ్రత ఉన్న ఊళ్లను కలిపే గీతలు చూశారు కదా, ఆ పద్ధతే. నావికులకు అది ప్రాణాధారం. ముల్లు కదులుతుంది కనుక ఆ పటం పాతబడుతుందని హేలీకి తెలుసు. ఆ కదలికకు కారణం వెతుకుతూ, భూమి లోపల ఇంకో గోళం విడిగా తిరుగుతోందని 1692లోనే ఊహించాడు. ఊహ నిలవలేదు కానీ, కారణం భూగర్భంలోనే ఉందన్నది మాత్రం నిజమైంది.

63 ఏళ్ల వయసులో, 1720లో, ఆస్థాన ఖగోళజ్ఞుడై, చంద్రుణ్ణి పద్దెనిమిదేళ్లు గమనించే పని మొదలుపెట్టాడు. ముగించాడు కూడా. 1742లో కన్నుమూశాడు. అతను లెక్కగట్టిన తోకచుక్క 1758 క్రిస్మస్ రాత్రి కనిపించింది. అతని దిక్పాత పటాన్ని మాత్రం అతను పోయిన రెండేళ్లకే, 1744లో, కొత్త కొలతలతో దిద్దవలసి వచ్చింది.