ఛానల్ ఈదిన ఆరతీ సాహా

బిలాస్‌పూర్ ఇప్పుడు ఒక రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. 2003కు ముందు ఈ డివిజన్ కలకత్తా కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది. ఇక్కడి తెలుగు కుటుంబాల పెద్దలు చాలామంది ఆ రైల్వేలోనే పనిచేశారు. ఇంగ్లీషు ఛానల్‌ను ఈదిన మొదటి ఆసియా మహిళ ఆరతీ సాహా కూడా ఆ రైల్వే ఉద్యోగినే.

ఆరతి 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో పుట్టింది. మూడేళ్లయినా నిండకముందే తల్లి చనిపోయింది. ఇంట్లోవాళ్లతో గంగ ఒడ్డుకు స్నానానికి వెళ్లి, అక్కడే ఈత నేర్చుకుంది. బిడ్డ ఆసక్తి చూసి తండ్రి ఆమెను హట్‌ఖోలా ఈత క్లబ్బులో చేర్చాడు. 1951 ఆసియా క్రీడల్లో ఈతలో స్వర్ణ పతకం గెలిచిన సచిన్ నాగ్ ఆమెకు మెళకువలు నేర్పాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టులో ఆరతి ఉంది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా లేవు!

కొలనులో ఈత వేరు, సముద్రంలో ఈత వేరు. ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య ఉన్న ఇంగ్లీషు ఛానల్ ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అయితే ఆటుపోట్లు మనిషిని పక్కకు లాగుతాయి. అందువల్ల అంతకంటే చాలా ఎక్కువ దూరం ఈదవలసి వస్తుంది. దారి చూపే పడవ ఒకటి పక్కనే వస్తుంది. ఆహారం అందులోంచే అందిస్తారు. కాని ఆ పడవను పట్టుకుంటే ఈత చెల్లదు.

1958లో తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజేన్ దాస్ ఛానల్ ఈదాడు. మరుసటి ఏటి పోటీకి ఆరతి పేరు సూచించింది ఆయనే. ఇంగ్లండు వెళ్లడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పూనుకొని 11,000 రూపాయలు ఇప్పించాడు. దేశబంధు పార్కు చెరువులో ఆమె మొదట ఎనిమిది గంటలు, తర్వాత పదహారు గంటలు ఆగకుండా ఈది సాధన చేసింది.

1959 ఆగస్టు 27న పోటీ. పడవ వేళకు రాలేదు. ఆరతి 40 నిమిషాలు ఆలస్యంగా నీళ్లలోకి దిగింది. నలభై నిమిషాలే కదా అని మీకు అనిపించవచ్చు. కాని ఛానల్‌లో అనుకూలమైన పోటు తప్పితే మళ్లీ దొరకదు. పగలు 11 గంటలకు ఇంగ్లండు తీరం ఇంకా 5 మైళ్లే ఉంది. అక్కడ ప్రవాహం ఎదురు తిరిగింది. సాయంత్రం 4 గంటలదాకా చేతులు ఆడించినా రెండు మైళ్లకు మించి సాగలేదు. ఆమె మానతాననలేదు. పడవవాడే ఇక చాలని పట్టుబట్టి విరమింపజేశాడు. ఎదురు నీటిలో ఆ ఐదు గంటలూ ఆమె పడిన శ్రమ గెలుపు కన్నా తక్కువదేమీ కాదు. అయినా లెక్కలో మాత్రం అది ఓటమే.

ఆరతి దానితో ఊరుకోలేదు. నెల రోజుల తర్వాత, సెప్టెంబరు 29న, ఫ్రాన్సు తీరం నుంచి మళ్లీ బయలుదేరింది. పందొమ్మిదేళ్లు నిండి అప్పటికి ఐదు రోజులే. ఈసారి 16 గంటల 20 నిమిషాలు ఈది, ఇంగ్లండులోని శాండ్‌గేట్ దగ్గర ఒడ్డెక్కి, మన జెండా ఎగరవేసింది.

1960లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఇంగ్లండు ప్రయాణంలో తన వెంట మేనేజరుగా వెళ్లిన డాక్టర్ అరుణ్ గుప్తాను ఆమె పెళ్లి చేసుకుంది. 1994 ఆగస్టు 23న కామెర్లు ముదిరి కలకత్తాలో మరణించింది. 1999లో తపాలా శాఖ ఆమె బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.